గీజర్ మంట మధ్యలో ఆరిపోతోంది... సెన్సర్ తీసేయించమంటున్నారు, ఏం చేయను?

బెంగళూరు రామమూర్తి నగర్ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెది హిందూపురం వైపు. భర్త, ఆరేళ్ల కొడుకు, అత్తగారితో కలిసి ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుంటున్నారు. బాత్రూంలో ఉన్న గ్యాస్ గీజర్ ఓనర్ పెట్టించినదే. సిలిండర్ బయట యుటిలిటీలో, అంటే గిన్నెలు తోముకునే, బట్టలు ఉతుక్కునే వరండాలో ఉంది. గోడకు కన్నం చేసి పైపు లోపలికి తెచ్చారు. చలి మొదలైనప్పటి నుంచి గీజర్ తిక్కతిక్కగా చేస్తోంది. వెలుగుతుంది, పది నిమిషాలు బాగానే మండుతుంది, స్నానం మధ్యలో ఆరిపోయి చన్నీళ్లు పడతాయి. మళ్లీ తిప్పితే టక్ టక్ మంటుంది గానీ అంటుకోదు. బయటికొచ్చి కాసేపు ఆగి తిప్పితే మామూలుగా వెలుగుతుంది. తలుపు తీసిపెట్టి బకెట్లు నింపుకుంటే ఎంతసేపైనా ఆరదు. వంటింట్లో కొళాయి తిప్పి ఉంటే మాత్రం అసలు వెలగనే వెలగదు. పావురాలు దూరుతున్నాయని బాత్రూం వెంటిలేటర్‌కి థర్మోకోల్ ముక్క అడ్డం పెట్టి టేపు వేశారట.

మొన్న శనివారం అత్తగారు తలస్నానం చేసి బయటికి వస్తూ గడప దగ్గరే కూలబడ్డారు. తలనొప్పి, ఒక వాంతి. గంటసేపు హాల్లో పడుకున్నాక తేరుకున్నారు. వేలికి పెట్టే మిషన్‌తో చూస్తే ఆక్సిజన్ 98 చూపించింది. 'ఒంట్లో బీపీ, పైగా ఉపవాసం, దానికి తోడు వేడినీళ్లు' అని ఇంట్లో తేల్చేశారు. తలంటుకున్న రోజు తనకు కూడా తల బరువుగా, కళ్లు తిరిగినట్టుగా ఉంటోందని ఈమె రాశారు.

మెకానిక్ చూసి 'సెన్సర్ పోయింది, వైర్లు కలిపేసి డైరెక్ట్ చేస్తే ఇక ఆరదు' అన్నాడు. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు 'మా ఇంట్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ పైలట్ లైట్ కూడా ఇలాగే ఆరిపోయేది. థర్మోకపుల్ గీకి శుభ్రం చేశాను, సరిపోయింది. నీదీ అదే అక్కా' అని వీడియో కాల్‌లో చెప్పాడు. 'మీకు ముందున్నవాళ్లు ఇదే వాడుకున్నారు, ఏమీ కాలేదు' అని ఓనర్ ఆంటీ అన్నారు. కరెంటు గీజర్ పెడితే ఫ్రీ కరెంటు పోతుందని భర్త టెన్షన్. 'మెకానిక్ ఆదివారం వస్తానన్నాడు. నాకు మాత్రం ఎందుకో భయంగా ఉంది. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?' అని అడిగారు.

సమాధానం

మీరు ఎక్కువ ఊహించుకోవడం లేదమ్మా. మీరు రాసిన వివరాలన్నీ కలిపి చూస్తే నాకూ అదే భయం కలిగింది. అందుకే రెండు విషయాలు మాత్రం గట్టిగా చెబుతాను. మిగతావి మీ ఇంటివాళ్లంతా కూర్చుని నిర్ణయించుకోవచ్చు. మొదటిది, ఆదివారం ఏ సెన్సర్‌నీ డైరెక్ట్ చేయించకండి. రెండోది, ఈ రోజు నుంచి ఆ గీజర్ మండుతుండగా బాత్రూంలో ఎవరూ స్నానం చేయకండి. బాబు విషయంలో మరీ జాగ్రత్త.

గీజర్ కన్నా ముందు మీ అత్తగారి సంగతి మాట్లాడుకుందాం. గ్యాస్ మండేటప్పుడు గాలి సరిపడా అందితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి తయారవుతాయి. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్ లీకైతే ముక్కుకు తెలియాలని అందులో ఘాటైన వాసన మందు కలుపుతారు, కానీ మంటలో ఆ మందూ కాలిపోతుంది. కాబట్టి 'వాసనేమీ రాలేదే' అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఈ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఒంటికి అందాల్సిన ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదటి గుర్తులు. ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. లోపల గడియ వేసుకుని ఉన్న మనిషికి స్పృహ తప్పితే బయటివాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. చలికాలం వచ్చిందంటే ఇలాంటి వార్తలు బెంగళూరు పేపర్లలో కనిపిస్తూనే ఉంటాయి.

మిషన్ 98 చూపించింది కదా అని మీరు ఊరటపడ్డారు. ఆ మిషన్ వేలిలోంచి వెలుతురు పంపి రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉండటంతో, దాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది. కాబట్టి ఈ విషయంలో ఆ అంకెను నమ్మడానికి లేదు. కార్బాక్సీహిమోగ్లోబిన్ అనే రక్తపరీక్షలో అసలు సంగతి తెలుస్తుంది. అయితే మామూలు గాలి పీల్చుకుంటూ ఉంటే నాలుగైదు గంటల్లోనే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గిపోతుంది. శనివారం జరిగినదానికి ఇప్పుడు పరీక్ష చేయిస్తే ఏమీ దొరకకపోవచ్చు. అందుకే డాక్టరుకి మీరు చెప్పే మాటే ముఖ్యం. 'బీపీ ఉంది, కళ్లు తిరిగాయి' అని ఆపేయకుండా, 'కిటికీ మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ వెలుగుతుండగా స్నానం చేశాక ఇలా అయింది' అని విడమరిచి చెప్పండి. గీజర్ మాట మనం ఎత్తకపోతే చాలాసార్లు ఆ ఆలోచనే రాదు.

నిజంగా బీపీయే కారణం కావచ్చు కూడా. బీపీ మందులు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో బాగా వేడినీళ్లు పోసుకుంటే కళ్లు తిరగడం మామూలే. వేడినీళ్లు తల మీద పోసుకుంటే వచ్చే ఒక రకం మూర్ఛ మన దక్షిణాదిలో ఎక్కువగా కనిపిస్తుంది, మీ ఊళ్లోని నిమ్హాన్స్ వైద్యులు దానిమీద ఏళ్లుగా అధ్యయనం చేశారు. వీటిలో ఏది అన్నది డాక్టరే తేల్చాలి. కానీ ఒక్క సంగతి వదిలిపెట్టకండి. మీకు బీపీ లేదు, ఉపవాసం లేదు, అయినా అదే బాత్రూంలో మీకూ తల బరువెక్కుతోంది. మోనాక్సైడ్ బాగా పట్టినవాళ్లలో కొందరికి కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మతిమరుపు, నడకలో తడబాటు రావచ్చు. అత్తగారిలో అలాంటి మార్పు కనిపిస్తే వయసు వల్లనే అనుకుని వదిలేయకండి.

ఇక గీజర్. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి, అందుకే ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు.

వంటింటి కొళాయి తిప్పితే వెలగకపోవడం నీటి ఒత్తిడి సమస్య. గీజర్ లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్లు జోరుగా వస్తేనే అది కదిలి, గ్యాస్‌కీ నిప్పురవ్వకీ దారి ఇస్తుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మీరున్నది పై అంతస్తు, మిద్దె మీది ట్యాంకు మీ షవర్‌కి రెండు మూడు మీటర్లే పైన ఉంటుంది. అంటే మీకు వచ్చేది 0.2, 0.3 బార్. గీజర్ వెలగడానికి అది బొటాబొటిగా సరిపోతుంది, ఇంకో కొళాయి తిప్పగానే అదీ చాలదు. దానికి తోడు బోరు నీళ్లయితే గీజర్‌లోకి నీళ్లు వచ్చే చోట ఉండే చిన్న జల్లెడ ఉప్పు పట్టి మూసుకుపోతుంది, షవర్ కన్నాలూ అంతే. ఇవి విప్పి కడిగితే చాలావరకు పోయే ఇబ్బందులు. లోపల ఉండే రెండు పెద్ద బ్యాటరీలు నీరసించినా టక్ టక్ మంటుంది గానీ అంటుకోదు, కాబట్టి కొత్తవి వేసి చూడటం ఎప్పుడూ మంచిదే. వీటిలో ఏదీ ప్రాణం మీదికి తెచ్చేది కాదు.

రెండోదే నన్ను కంగారు పెట్టింది. తలుపు తెరిచి ఉంటే ఆరదు, మూస్తే పది నిమిషాలకు ఆరిపోతుంది, కాసేపు తలుపు తీసి ఉంచాక మళ్లీ వెలుగుతుంది. నీటి ఒత్తిడికి గానీ బ్యాటరీకి గానీ తలుపుతో సంబంధం లేదు. తలుపు మూస్తే మారేది లోపలి గాలి ఒక్కటే.

చిన్న లెక్క వేసి చూడండి. నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ పావుగంటలో సుమారు 200 గ్రాముల గ్యాస్ మండిస్తుంది. కిలో గ్యాస్ పూర్తిగా మండాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే పావుగంట స్నానానికి రెండున్నర ఘనపు మీటర్ల గాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో మొత్తం గాలి ఎనిమిది ఘనపు మీటర్లే. వెంటిలేటర్ మూసేశారు కాబట్టి, తలుపు కింది సందులోంచి వచ్చేది తప్ప కొత్త గాలి లేదు. ఉన్న గాలిలో మూడో వంతు దాకా ఆక్సిజన్‌ని మంటే తినేస్తే, మిగిలినదాన్ని మీ అత్తగారు పీలుస్తున్నారన్నమాట. పైగా కాలిన గాలి అక్కడే తిరిగి మళ్లీ మంటలోకే వెళుతుంది. గాలి పలచబడేకొద్దీ మంట నీలం రంగు పోగొట్టుకుని, బర్నర్‌ని వదిలి పైకి లేచి ఊగిసలాడుతుంది. మోనాక్సైడ్ ఎక్కువగా పుట్టేది అప్పుడే. చాలా గీజర్లలో మంటకు తగిలేలా ఒక సన్నని రాడ్ ఉంటుంది. మంటలోంచి పారే అతి స్వల్పమైన కరెంటును బట్టి మంట ఉందో లేదో అది కనిపెడుతుంది. మంట దాన్ని వదిలి పక్కకు జరిగితే గ్యాస్ ఆపేస్తుంది. కొన్ని మోడళ్లలో ఆక్సిజన్ తగ్గితే ఆపే ఏర్పాటు విడిగానే ఉంటుంది. చన్నీళ్లు పడ్డాయని మీరు విసుక్కుంటూ బయటికొచ్చిన ప్రతిసారీ ఆ గీజర్ మిమ్మల్ని బయటికి పంపిందని నేననుకుంటున్నాను.

అదే పదో నిమిషంలో ఆరడానికి ఇంకో కారణం కూడా ఉండవచ్చు, అది కూడా చెప్పడం న్యాయం. నీళ్ల ధార సన్నగా ఉంటే లోపల నీళ్లు మరీ వేడెక్కి, వేడి హద్దు దాటగానే ఆపే థర్మోస్టాట్ పనిచేస్తుంది. చాలా మోడళ్లలో ఇరవై నిమిషాలకు తనంతట తనే ఆగే టైమర్ కూడా ఉంటుంది. కానీ థర్మోస్టాట్‌కైనా టైమర్‌కైనా తలుపు వేసి ఉందా తీసి ఉందా అన్నది పట్టదు. అందుకే నా అనుమానం గాలి మీదే ఉంది.

ఇప్పుడు మెకానిక్ మాట. 'సెన్సర్' అని ఊరికే అన్నాడు గానీ ఏ సెన్సరో చెప్పలేదు. మంటను కనిపెట్టే రాడ్‌ని పనిచేయకుండా చేస్తే, ఎప్పుడైనా గాలికి మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. థర్మోస్టాట్ వైర్లు కలిపేస్తే నీళ్లు సలసల మరిగేదాకా ఆగదు, పిల్లవాడి ఒళ్లు కాలుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆపేదాన్ని తీసేస్తే గీజర్ ఆరదు, నిజమే. గాలి చాలని గదిలో మోనాక్సైడ్ చిమ్ముతూ మండుతూనే ఉంటుంది. మెకానిక్ చేసిపెడతానంటున్న 'ఆరని గీజర్'లో ఉన్న ప్రమాదం ఇదే.

మీ తమ్ముడు ప్రేమతో చెప్పాడు, వాళ్లింటి విషయంలో సరిగ్గానే చేశాడు. కానీ వాళ్ల ఫైర్‌ప్లేస్ వేరు, మీ గీజర్ వేరు. అక్కడ పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. దాని వేడికి థర్మోకపుల్‌లో సుమారు 25, 30 మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. గ్యాస్ వాల్వ్‌ని తెరిచి పట్టుకునేది ఆ కాస్త కరెంటే. థర్మోకపుల్‌కి మసి పడితే వేడి తగలక కరెంటు తగ్గి వాల్వ్ మూసుకుపోతుంది. శుభ్రం చేస్తే బాగవుతుంది. అలాంటి ఫైర్‌ప్లేసుల్లో చాలావాటికి ముందు అద్దం బిగించి ఉంటుంది. గాలి బయటినుంచే తీసుకుని, కాలిన గాలిని బయటికే పంపుతాయి. మీ బాత్రూంలో అద్దమూ లేదు, గొట్టమూ లేదు, మనిషి నిలబడేదీ మంట మండేదీ ఒకే గాలిలో. మీది బ్యాటరీతో వెలిగే గీజర్, పైలట్ మంట ఉండదు. రాడ్‌కి మసి పడితే మంట అంటుకున్న కొన్ని సెకన్లకే ఆరిపోతుంది, పది నిమిషాలు ఆగి ఆరదు. కాబట్టి గీకితే సరిపోయే కేసులా లేదు. ఇంకో మాట కూడా తమ్ముడికి చెప్పండి. గొట్టం లేకుండా గదిలోనే మండే రకం ఫైర్‌ప్లేసులు కూడా అక్కడ ఉన్నాయి. గదిలో ఆక్సిజన్ సుమారు 18 శాతానికి పడిపోతే వాటి పైలట్ కావాలనే ఆరిపోయేలా తయారుచేస్తారు. అతనిది ఆ రకమైతే, మళ్లీ ఆరినప్పుడు గీకడం కన్నా ముందు కిటికీ తీయాలి.

మీ ముందున్న దారులు ఏమిటో చూద్దాం.

గీజర్‌ని అక్కడే ఉంచి బాగుచేయించడం అన్నిటికన్నా చవక. థర్మోకోల్ తీసేసి పావురాలకు వల కొట్టించాలి. వల గాలిని ఆపదు. తలుపు కింది భాగంలో గాలి వచ్చే జాలీ పెట్టించాలి. బర్నర్, జెట్లు, పైన రాగి గొట్టాల మధ్య పట్టిన మసి శుభ్రం చేయించాలి. ఇంత చేసినా మంట మీ పక్కనే మండుతుంటుంది. ఏ చలి రాత్రో ఎవరో ఒకరు వెంటిలేటర్‌కి మళ్లీ ఏదో అడ్డం పెడతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడితే చాలదా అంటారేమో. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ తిప్పితే లాభం తక్కువ. గీజర్‌కి పొగ గొట్టం ఉన్న చోట అయితే, ఆ గొట్టంలోంచి పోవాల్సిన కాలిన గాలిని ఫ్యాన్ వెనక్కి గదిలోకి లాగే ప్రమాదం కూడా ఉంది. ఈ దారి నాకు నచ్చదు. ఇదే తప్పదంటే, బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, ఆ తర్వాతే స్నానం చేసే పద్ధతి ఎప్పటికీ ఉంచుకోవాలి.

గీజర్‌ని యుటిలిటీలోకి మార్చడం ఇంకో దారి. సిలిండర్ అక్కడే ఉంది కాబట్టి గ్యాస్ పైపు లోపలికి రావాల్సిన పనే ఉండదు, వేడినీళ్ల పైపు ఒక్కటి బాత్రూంకి తీయాలి. అది వేడికి తట్టుకునే సీపీవీసీ అయి ఉండాలి, మామూలు పీవీసీ మెత్తబడిపోతుంది. మంట, మనిషి వేరువేరు చోట్ల ఉంటారు, నాకు బాగా నచ్చేది ఇదే. అయితే గోడలు తొలవాలి, ఓనర్ ఒప్పుకోవాలి. మీకు నీటి ఒత్తిడి అసలే తక్కువ, పైపు పొడవు పెరిగితే ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఆ పని కూడా కలిపి చూసుకోవాలి. గాలి విసురుకు మంట ఆరకుండా ఓ పక్క అడ్డు ఉండాలి. యుటిలిటీకి గ్రిల్ మాత్రమే ఉండాలి, అద్దాలతోనో ప్లాస్టిక్ షీట్లతోనో మూసేసిన యుటిలిటీ అయితే అదీ ఇంకో బాత్రూం లాంటిదే.

కరెంటు గీజర్ మూడో దారి. మీవారి టెన్షన్ ఉత్తి మాట కాదు. కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లు కట్టాలి. కాబట్టి ఊహతో వాదించుకోకుండా లెక్కతో చూడండి. పదిహేను లీటర్ల గీజర్‌లో నీళ్లు 22 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగడానికి సుమారు 0.7 యూనిట్ పడుతుంది. ఆ నీటికి చన్నీళ్లు కలిపితే ముప్పై లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి. రోజుకు నాలుగు స్నానాలంటే నెలకు 80 నుంచి 85 యూనిట్లు. ఇప్పుడు మీ బిల్లులో వాడకం 100 లోపే ఉంటే 200 దాటరు. 130 దగ్గర ఉంటే దాటిపోవచ్చు. మీ ఇంటి పాత సగటును బట్టి ఉచిత యూనిట్ల హద్దు 200 కన్నా తక్కువగా కూడా ఉండవచ్చు, అది కూడా బిల్లులో చూడండి. మరోవైపు అదే నీళ్లకు ఇప్పుడు మీరు నెలకు సగం సిలిండర్ దాకా ఖర్చు చేస్తున్నారు, ఆ డబ్బు మిగులుతుంది. ట్యాంకు గీజర్‌కి నీటి ఒత్తిడి గొడవ కూడా ఉండదు. దీనికి కావాల్సింది 16 ఆంప్స్ ప్లగ్గు, సరైన ఎర్తింగ్, షాక్ ప్రాణం మీదికి రాకముందే కరెంటు ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ. పాత ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించకుండా బిగించకండి. ఓనర్‌కి మిద్దె మీద సోలార్ వాటర్ హీటర్ ఉంటే, అందులోంచి మీకొక వేడినీళ్ల లైను ఇవ్వగలరేమో అడగడంలో తప్పు లేదు.

ఇవేవీ ఈ వారంలో తేలవు. అందాకా స్టవ్ మీద నీళ్లు కాచుకోవడమే మేలు. మరిగిన నీళ్లు బాబు ఉన్న ఇంట్లో మోసుకెళ్లాలి కాబట్టి, ముందే చన్నీళ్లు కలిపి గోరువెచ్చగా చేశాకే గిన్నె కదపండి. గీజరే వాడక తప్పని రోజుంటే, థర్మోకోల్ పీకేసి, తలుపు బార్లా తీసి, లోపల ఎవరూ లేకుండా బకెట్లు నింపండి. గీజర్ ఆపి సిలిండర్ దగ్గర కట్టేయండి. పది నిమిషాలు గాలి ఆడనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్లండి. అత్తగారిని తలుపు తీసుకుని స్నానం చేయమనే ఇబ్బంది ఇందులో లేదు. ఆవిడ దగ్గరికి వేసుకుంటే చాలు, లోపల గడియ మాత్రం కొన్నాళ్లు వద్దనండి, కూలబడిన మనిషి కదా. బయట మీరు ఉంటానని చెబితే ఒప్పుకుంటారు.

ఎవరైనా బాత్రూంలో పిలిచినా పలకకపోతే, ముందు తలుపు తెరిచి మనిషిని బయటి గాలిలోకి లాగండి, సిలిండర్ కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. మీరు లోపల నిలబడి నీళ్లు చల్లుతూ కూర్చోకండి, ఆ గాలి మీకూ పడుతుంది. గ్యాస్ వాసన వస్తే మాత్రం అది వేరే ప్రమాదం, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా సిలిండర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి చేయండి. ఏ దారిలోనైనా గ్యాస్ గీజరే ఉంచుకునేట్టయితే మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. వంటింట్లో పెట్టుకునే లీకేజీ అలారం ఇది కాదు, అడిగి తీసుకోవాలి. ఆవిరికి పాడవకుండా బాత్రూం తలుపు బయట పెట్టండి.

మీవారితో 'నా భయం' అని మొదలుపెట్టకండి. 'తలుపు వేస్తే ఆరుతోంది, తీస్తే ఆరట్లేదు, ఎందుకో మీరే చెప్పండి' అని అడగండి. ఆయన మిమ్మల్ని కొట్టిపారేస్తున్నారని నాకనిపించలేదు, ఖర్చు గురించి ఆలోచిస్తున్నారు. అమ్మకు ఏమైందో డాక్టరు నోట వింటే ఆ ఆలోచన మారవచ్చు, కాబట్టి ఆయన్ని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఓనర్ ఆంటీతో నోటిమాటగా కాకుండా వాట్సాప్‌లో రాయండి. 'ఆంటీ, స్నానం చేశాక అత్తయ్య కూలబడ్డారు, నాకూ తల తిరుగుతోంది. గీజర్‌ని యుటిలిటీలోకి మార్చడానికి, లేకపోతే కరెంటు గీజర్‌కి ప్లగ్గు పెట్టించడానికి మీ అనుమతి కావాలి' అంటే చాలు. ముందున్నవాళ్లకు ఏమీ కాలేదన్న మాట నిజమే అయి ఉండవచ్చు, వాళ్లు వెంటిలేటర్ మూసి ఉండరు. ఆ సంగతి మీరే ఒప్పుకుంటే ఆవిడ కూడా మెత్తబడతారు. కరెంటు గీజర్ మీరు కొని, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్తామని, ప్లగ్గు, వైరింగ్ మాత్రం ఆవిడ పెట్టించాలని అడగడం సబబుగా ఉంటుంది. గోడకు కన్నం వేసేముందు ఆవిడ సరేనన్న మెసేజ్ ఉండాలి. లేకపోతే ఖాళీ చేసే రోజు అడ్వాన్సులోంచి కోస్తారు.

ఆదివారం మెకానిక్‌ని రావద్దనకండి. పని మాత్రం మీరే చెప్పండి. నీళ్ల జల్లెడ, షవర్ శుభ్రం చేయాలి. బ్యాటరీలు మార్చాలి. బర్నర్ విప్పి మసి తీయాలి. రబ్బరు పైపు మీద తేదీ చూసి, ఐదేళ్లు దాటితే ఐఎస్ఐ గుర్తున్న కొత్తది వేసి, సబ్బు నురగతో లీకులు చూడాలి. చివరగా తలుపు, వెంటిలేటర్ తెరిచి వెలిగించి, మంట నీలంగా నిలకడగా ఉందో పసుపు కొసలతో ఊగుతోందో మీకు చూపించాలి. సెన్సర్ తీస్తే తప్ప కుదరదని ఆయన పట్టుబడితే, వచ్చినందుకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపేసి, గీజర్ మీద రాసి ఉన్న కంపెనీ సర్వీస్ నంబరుకి ఫోన్ చేయండి.